లండన్ నుంచి బాత్‌కు ఒక్కరోజు బస్సు యాత్ర: చవక టిక్కెట్టు కొనవచ్చా?

తెనాలి తమ్ముడు (మంగళవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మా అత్తయ్యగారు, మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి రెండు నెలలయింది. లండన్‌లో చూడవలసినవి దాదాపు అన్నీ చూశారు. మామయ్యగారు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. 'వేడినీటి బుగ్గ మీద రోమన్లు కట్టిన ఊరు ఒకటుంది కదా, అది ఎప్పుడు?' అని రోజు విడిచి రోజు అడుగుతున్నారు. ఆ ఊరు బాత్.

ఒక ప్రకటన చూశాను. ఉదయం 8కి బయలుదేరి విండ్సర్ కోట, స్టోన్‌హెంజ్ అనే ప్రాచీన రాళ్ళ వలయం, బాత్ మూడూ చూపించి రాత్రి 8కి తెచ్చి దింపుతారట. ఒక్క బాత్‌కే వెళ్ళే బస్సుకీ దీనికీ ధరలో పెద్ద తేడా లేదు. లోపలికి వెళ్ళే టిక్కెట్లు మాత్రం మనమే కొనుక్కోవాలి. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. మాతో నాలుగేళ్ళ పాప కూడా ఉంటుంది. మాకు కారు లేదు. కొనమంటారా?

హౌన్స్‌లో అక్క (మంగళవారం, రాత్రి 10:05)

తమ్ముడూ, కొనవద్దు. కొని అనుభవించినదాన్ని కనుక చెబుతున్నాను.

నిరుడు మా అమ్మానాన్నలతో ఇలాంటి మూడు ఊళ్ళ బస్సే ఎక్కాం. ఏ కంపెనీదో ఇప్పుడెందుకు లెండి. విండ్సర్‌లో కోట ముందు వరుస చూసి వెనక్కి తిరిగాం. స్టోన్‌హెంజ్‌లో గాలికి నాన్న టోపీ ఎగిరిపోతే, దాని వెంట పరుగెత్తడంతోనే పావుగంట గడిచింది. బాత్ చేరేసరికి మూడున్నర. 'అయిదింటికల్లా బస్సు దగ్గర ఉండాలి' అని మైకులో చెప్పారు. దిగి, మరుగుదొడ్డి ఎక్కడో వెతుక్కుని, అక్కడ వరుసలో నిలబడి బయటపడేసరికి నాలుగు దాటింది. రోమన్ స్నానాల (అదే, రోమన్లు కట్టిన స్నానశాల) గుమ్మం ముందు ఫొటో తీయించుకుని వచ్చేశాం. తలంటుకు పిలిచి నెత్తిన నాలుగు చుక్కలు చిలకరించి పంపినట్టయింది. ఎవరైనా అడిగితే అమ్మ ఇప్పటికీ 'బాతా? చూశాం, బయటినుంచి' అంటుంది.

లెక్కల మాస్టారు (మంగళవారం, రాత్రి 10:31)

అందరికీ మీలాగే జరగాలని లేదు కదా అక్కా. పెద్దవాళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారో తెలియదు. ఒకే డబ్బుతో మూడు చోట్ల కాలు పెట్టి వస్తే తప్పేమిటి? చోటుకి ఇంత అని లెక్క వేస్తే మూడు ఊళ్ళ బస్సే చవక. ఇంటికి వెళ్ళాక ఇరుగుపొరుగుకు చూపించడానికి మూడు ఊళ్ళ ఫొటోలు ఉంటాయి. మా నాన్నగారికి స్టోన్‌హెంజ్‌లో ఇరవై నిమిషాలే ఎక్కువయ్యాయి.

స్టీరింగ్ బాబు (బుధవారం, ఉదయం 5:50)

నేను ఇక్కడ కోచ్ నడుపుతాను. డ్యూటీకి వెళ్ళే ముందు రాస్తున్నాను కనుక పొడిపొడిగా ఉంటే ఏమీ అనుకోకండి.

మాస్టారూ, మీ లెక్కే వేద్దాం. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పన్నెండు గంటలు. లండన్ నుంచి విండ్సర్‌కు గంట. అక్కడి నుంచి స్టోన్‌హెంజ్‌కు గంటన్నర. అక్కడి నుంచి బాత్‌కు గంట పైన. తిరిగి లండన్‌కు మూడు గంటలు, శనివారం సాయంత్రమైతే ఇంకా ఎక్కువ. చక్రాల మీదే ఆరున్నర గంటలు పోయాయి. మిగిలినది అయిదున్నర గంటలు. అందులో మూడు చోట్లా ఎక్కడం దిగడం, తలలు లెక్కపెట్టడం, ఆలస్యంగా వచ్చే ఇద్దరి కోసం ఎదురు చూడటం తీసేయండి. బాత్‌కు గంటన్నర మిగిలితే అదృష్టం.

డ్రైవరు కరుణిస్తాడని అనుకోకండి. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విశ్రాంతి తప్పనిసరి. రోజుకు తొమ్మిది గంటలే నడపాలి, వారంలో రెండు రోజులు మాత్రం పది దాకా పోవచ్చు. బండిలోని యంత్రం ప్రతి నిమిషాన్నీ రాసి పెట్టుకుంటుంది. 'ఇంకో పది నిమిషాలు ఆగన్నా' అంటే ఆగాలని నాకూ ఉంటుంది, కానీ ఆ పది నిమిషాలకు రేపు జవాబు చెప్పుకోవలసింది నేనే. పైగా బాత్ నడిబొడ్డున బస్సు నిలిపి ఉంచనివ్వరు. దింపి, ఎక్కడో పార్కు చేసి, చెప్పిన వేళకు తిరిగి రావాలి. 2021 మార్చి నుంచి అక్కడ శుభ్రమైన గాలి మండలం కూడా పెట్టారు. పాత డీజిల్ కోచ్ తెస్తే రోజుకు 100 పౌండ్లు కట్టాలి. సొంత కార్లకు లేదు, మాలాంటి బళ్ళకే ఉంది.

ఒక్క బాత్‌కే వెళ్ళే బస్సు ఎక్కండి. ప్రకటనలో ధర కంటే ముందు 'ఊళ్ళో ఎన్ని గంటలు' అనే ముక్క వెతకండి. అది రాయకపోతే ఫోన్ చేసి అడగండి. మరొక మాట. మోటార్‌వే దిగాక బాత్‌లోకి దారి కొండ మీంచి మెలికలు తిరుగుతూ లోయలోకి దిగుతుంది. పాపకు వాంతి వచ్చే అలవాటు ఉంటే ముందు సీట్లు తీసుకోండి. నా బండిని కడిగేది నేనే, అందుకే ఇంత చెబుతున్నాను.

తెనాలి తమ్ముడు (బుధవారం, ఉదయం 8:15)

బాబుగారూ, కళ్ళు తెరిపించారు. మరి రైలు సంగతి? పాడింగ్టన్ నుంచి గంటన్నరలోపే అంటున్నారు.

లెక్కల మాస్టారు (బుధవారం, ఉదయం 8:40)

లెక్కలో ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. రైలు విషయం నేను చెబుతాను. అప్పటికప్పుడు కొంటే జేబుకు చిల్లే. ముందుగా కొంటే తగ్గుతుంది. అరవై దాటినవాళ్ళకు సీనియర్ రైలుకార్డు ఉంది, మూడో వంతు తగ్గింపు. పాస్‌పోర్టు చూపించి సందర్శకులూ తీసుకోవచ్చు. మీరు ఈ ఒక్క ప్రయాణమే చేస్తే కార్డు ఖర్చు తిరిగి రావడం అనుమానమే. ఎడిన్‌బరో లాంటి దూరప్రయాణం మనసులో ఉంటే తీసుకోండి. లేకపోతే బస్సే.

రాతిపిచ్చి (బుధవారం, మధ్యాహ్నం 1:20)

మామయ్యగారు చరిత్ర చెప్పినవారన్నారు కనుక చొరవ తీసుకుని కాస్త ఎక్కువ రాస్తున్నాను. ఆయనకు చదివి వినిపించండి.

మెండిప్ కొండల మీద కురిసిన వాన సున్నపురాయి పొరల్లోంచి కిలోమీటర్ల లోతుకు ఇంకి, అక్కడ కాగి, పగుళ్ళ వెంట పైకి తన్నుకొస్తుంది. రోజుకు సుమారు 11,70,000 లీటర్లు, 46 డిగ్రీల వేడి. ఇది వేల ఏళ్ళుగా ఆగలేదు. రోమన్లు రాకముందే ఇక్కడివాళ్ళకు సులిస్ అనే దేవత ఉంది. రోమన్లు వచ్చి ఆమెను తీసివేయలేదు, తమ మినర్వాతో కలిపి సులిస్ మినర్వా అన్నారు. మన ఎల్లమ్మను రేణుకతో కలిపి కొలిచినట్టే. ఊరికి వాళ్ళు పెట్టిన పేరు ఆక్వే సులిస్, అంటే సులిస్ నీళ్ళు.

బుగ్గలో పన్నెండు వేలకు పైగా నాణేలు దొరికాయి. గోదావరి వంతెన మీద రైలు వెళుతుంటే కిటికీలోంచి రూపాయి వేసే చెయ్యి ఉంది చూడండి, అదే చెయ్యి. నాకు అంతకంటే ఇష్టమైనవి శాపపు రేకులు. సుమారు 130 దొరికాయి. పలుచని సీసపు రేకు మీద శాపం గీకి, మడిచి, బుగ్గలో పడేసేవాళ్ళు. ఎక్కువ భాగం దొంగల మీదే. స్నానానికి దిగితే ఒడ్డున పెట్టిన బట్టలు మాయమయ్యేవి, పాపం! డోసిమెడిస్ అనే అతనికి రెండు చేతి తొడుగులు పోయాయి. తీసినవాడికి మతి పోవాలి, కళ్ళు పోవాలి అని దేవతకు అర్జీ పెట్టుకున్నాడు. చేతి తొడుగులకే ఇంత శిక్షా అనుకోకండి, మా వీధిలో బిందె పోయినప్పుడు మా నాయనమ్మ వీధి మధ్య నిలబడి దుమ్మెత్తి పోస్తూ పెట్టిన శాపనార్థాల ముందు ఇది లాలిపాట.

ఒక హెచ్చరిక. పెద్ద స్నానకొలను చుట్టూ పైమెట్టున నిలబడ్డ రోమన్ చక్రవర్తుల విగ్రహాలను చూసి చేతులు జోడించకండి. అవి 1890లలో పెట్టినవి. అసలు రోమన్ పనితనం కిందే ఉంది. అడుగున పరిచిన 45 సీసపు రేకులు నేటికీ నీళ్ళు నిలుపుతున్నాయి. నీళ్ళు పచ్చగా ఉండటానికి కారణం పైకప్పు లేకపోవడం. ఎండ తగిలి నాచు పెరుగుతుంది. రోమన్ల కాలంలో కమాను కప్పు ఉండేది.

ఓరుగల్లు పిల్ల (బుధవారం, సాయంత్రం 6:10)

నేను బాత్‌లోనే చదువుతున్నాను. రాతిపిచ్చిగారూ, మా ఊరి గురించి మాకంటే బాగా రాశారు.

అన్నా, రోమన్ స్నానాల నీళ్ళలో చేయి పెట్టకండి, పాపను బాగా పట్టుకోండి. అది శుద్ధి చేయని నీరు. 1978లో ఈ బుగ్గ నీటిలో ఈదిన ఒక అమ్మాయి అమీబా వల్ల మెదడువాపు వచ్చి చనిపోయింది. తర్వాత స్నానాలు ఆపేశారు. ఆ వేడినీళ్ళలో నిజంగా దిగాలంటే 2006లో తెరిచిన థెర్మే బాత్ స్పా వేరే ఉంది. పదహారేళ్ళలోపు పిల్లల్ని రానివ్వరు, ధర కూడా మీ బస్సు టిక్కెట్టును మింగేస్తుంది. తాగడానికి మాత్రం శుద్ధి చేసిన బుగ్గ నీళ్ళు రోమన్ స్నానాల్లో చివర పంపు దగ్గర ఇస్తారు.

లోపలి టిక్కెట్టు ధర రోజును బట్టి మారుతుంది, వారాంతంలో ఎక్కువ. ఇంట్లోనే కొనుక్కోండి. కానీ బస్సు చేరే సమయానికి కనీసం గంట తర్వాతి వేళకు తీసుకోండి. లిఫ్టులు ఉన్నాయి కనుక పిన్నిగారి మోకాళ్ళకు భయం లేదు. పాత రాతి పలకలు మాత్రం ఎగుడుదిగుడుగా ఉంటాయి, చెప్పులు చూసుకుని వేసుకోవాలి.

డబ్బు పెట్టనక్కరలేనివి కూడా చాలా ఉన్నాయి. మేయర్ తరఫున స్వచ్ఛంద గైడ్లు 1934 నుంచి ఉచితంగా ఊరు తిప్పి చూపిస్తున్నారు. రోమన్ స్నానాల పక్కనే ఉన్న పంప్ రూమ్ ముందు మొదలవుతుంది, ఇనాం ఇచ్చినా పుచ్చుకోరు. రెండు గంటల నడక, అందులో ఎత్తు ఉంది, కనుక పిన్నిగారికి కాదు. పుల్ట్‌నీ వంతెన చూడండి. రెండు వైపులా దుకాణాలే, మీద నడుస్తుంటే కింద నది ఉందని తెలియదు. పక్కనే గిల్డ్‌హాల్ మార్కెట్టులో చవకగా ఏదైనా తినవచ్చు. నెలవంకలా వంగిన ఇళ్ళ వరుస రాయల్ క్రెసెంట్‌కు గే స్ట్రీట్ మీదుగా ఎక్కాలి. నేను ఇరవై రెండేళ్ళ వయసులో ఆయాసపడతాను. పిన్నిగారిని టాక్సీలో పైకి తీసుకెళ్ళి, దిగేటప్పుడు నడిపించండి.

డిసెంబరు దాకా ఆగవద్దు. క్రిస్మస్ సంత రోజుల్లో అబీ చర్చి చుట్టూ మనుషుల భుజాలు తప్ప ఏమీ కనిపించవు.

రాతిపిచ్చి (బుధవారం, రాత్రి 7:02)

అసలు సంగతి మరిచాను. రాయల్ క్రెసెంట్‌కు వెళ్ళే దారిలో 'సర్కస్' అనే గుండ్రటి వీధి వస్తుంది. జాన్ వుడ్ అనే వాస్తుశిల్పి గీసినది, 1754లో ఆయన పోయాక కొడుకు పూర్తి చేశాడు. వుడ్‌కు స్టోన్‌హెంజ్ పిచ్చి. దాన్ని స్వయంగా కొలిచి వచ్చి, ఇంచుమించు అదే వ్యాసంతో ఈ వీధి వేశాడు. కనుక స్టోన్‌హెంజ్ వదులుకున్నామన్న బెంగ అక్కర్లేదు.

అక్కడ 14వ నంబరు ఇంట్లో రాబర్ట్ క్లైవ్ ఉన్నాడు. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం నుంచి ఉత్తర సర్కారులను కంపెనీ పేర రాయించుకున్న క్లైవే. మన సర్కారు జిల్లాలు సంపాదించి పెట్టినవాడు వెళ్ళి సర్కస్‌లో కాపురం పెట్టాడు. మామయ్యగారు తెనాలివారు కనుక ఆ తలుపును ఒకసారి గట్టిగా చూసి రమ్మనండి.

హౌన్స్‌లో అక్క (బుధవారం, రాత్రి 9:15)

తిండి సంగతి ఎవరూ చెప్పరేం? మోటార్‌వే పక్కన ఆగే చోట్ల రెండు శాండ్‌విచ్‌ల ధరతో ఇంట్లో నలుగురికి భోజనం అవుతుంది. పులిహోర, పెరుగన్నం కట్టుకు వెళ్ళండి. బస్సులో మాత్రం మూత తీయకండి, ఇంగువ వాసన చివరి సీటు దాకా వెళుతుంది. రాయల్ క్రెసెంట్ ముందు పచ్చిక ఉంది, అక్కడ కూర్చుని తినండి.

తెనాలి తమ్ముడు (రెండు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 11:00)

నిన్న వెళ్ళి వచ్చాం. ఒక్క బాత్‌కే వెళ్ళే బస్సు తీసుకున్నాం. ఊళ్ళో అయిదున్నర గంటలని కాగితం మీద ఉంది, దక్కినది నాలుగు గంటల నలభై నిమిషాలు. మొదటి చోట ఎక్కవలసినవాళ్ళు రోడ్డుకు అవతలి వైపు నిలబడి ఎదురుచూశారట, అరగంట అక్కడే పోయింది. మిగతాది మోటార్‌వే తినేసింది. లోపలి టిక్కెట్టు ఒంటిగంటకు తీసుకోవడం మంచిదయింది. ఓరుగల్లు చెల్లీ, నీకు రుణపడి ఉన్నాను.

రోమన్ స్నానాల్లో రెండు గంటలు గడిపాం. నాణేలు, శాపపు రేకులు అన్నీ చూశాం. అయినా నాకు గుర్తుండిపోయినది ఎవరూ ఫొటో తీయని ఒక మూల. బుగ్గలో ఎక్కువైన నీరు ఒక చిన్న రాతి కమాను కిందినుంచి బయటికి పారుతుంది. నీళ్ళు తాకినంత మేరా రాయి మండే నారింజ రంగులో ఉంది, ఇనుము పేరుకుని. సన్నగా ఆవిరి లేస్తోంది. అక్కడ నిలబడితే ముఖానికి వెచ్చగా తగులుతుంది, వంటింట్లో గంజి వార్చేటప్పుడు తగిలినట్టు. అత్తయ్యగారు కొంగుతో ముఖం తుడుచుకుని, 'ఇన్ని వేల ఏళ్ళుగా పొయ్యి ఆర్పలేదన్నమాట' అన్నారు. మామయ్యగారు చెవికి పెట్టుకున్న, అక్కడి విశేషాలు చెప్పే యంత్రం తీసేసి మరీ ఆ మాట విన్నారు.

ఆలయం ముఖద్వారం మీది రాతి ముఖం దగ్గర ఇద్దరికీ వాదన. అది గోర్గాన్ (గ్రీకు కథల్లో పాముల జుట్టున్న రాక్షసి) అని యంత్రం చెబుతోంది. గోర్గాన్ ఆడది కదా, మీసాలెందుకున్నాయి అని అత్తయ్యగారి ప్రశ్న. దానికి పండితులకే ఒక్క జవాబు లేదట, మామయ్యగారు ఏం చెబుతారు?

చివర నీళ్ళు తాగాం. ఇనుప బాణలిలో మరిగించి చల్లారబెట్టిన నీళ్ళలా ఉన్నాయి. పాప ఉమ్మేసింది. మామయ్యగారు రెండు గ్లాసులు తాగారు, 43 ఖనిజాలున్నాయని రాసి ఉందని.

తర్వాత టాక్సీలో సర్కస్‌కు వెళ్ళాం. క్లైవ్ ఇంటి తలుపు దగ్గర మామయ్యగారు అయిదు నిమిషాలు నిలబడ్డారు. ఏమీ అనలేదు. నడుస్తూ నడుస్తూ, 'శిస్తు కట్టింది మనం, ఇల్లు చూడటానికి టాక్సీ డబ్బూ మనమే' అన్నారు. రాయల్ క్రెసెంట్‌లో 30 ఇళ్ళు, 114 స్తంభాలు. ముందునుంచి గీత గీసినట్టు ఒకే వరుస. పాప వాష్‌రూమ్ కోసం వెతుకుతూ వెనక వీధిలోకి వెళితే ఒక ఇల్లు ఎత్తు, ఒకటి పొట్టి, ఒకటి ముందుకు, ఒకటి లోపలికి. ముఖభాగం మాత్రమే గీసి ఇచ్చి, వెనక ఎవరికి తోచినట్టు వాళ్ళను కట్టుకోనిచ్చారట. పెళ్ళి ఫొటోలో చొక్కా ఒక్కటే ఇస్త్రీ చేసుకున్నట్టుంది. పులిహోర అక్కడి పచ్చిక మీదే తిన్నాం.

పుల్ట్‌నీ వంతెన పరుగెత్తుతూ చూశాం. అబీ చర్చి బయటినుంచే, గోడ మీద నిచ్చెన ఎక్కే దేవదూతల్ని పాప లెక్కపెట్టేలోపే బస్సు వేళయింది. ఇంకో గంట ఉంటే బాగుండేది.

ఒక్కటే నష్టం. అత్తయ్యగారి ఊలు మఫ్లరు పోయింది. ఆవిడ స్వయంగా అల్లుకున్నది. బస్సులో పోయిందో, పచ్చిక మీద పోయిందో తెలియదు. కంపెనీకి రెండుసార్లు ఫోన్ చేశాను, దొరకలేదన్నారు.

స్టీరింగ్ బాబు (ఆదివారం, మధ్యాహ్నం 12:30)

నాలుగు గంటల నలభై నిమిషాలంటే బాగానే దక్కింది. మఫ్లరు సంగతి సోమవారం మరోసారి అడగండి. వారాంతంలో దొరికిన వస్తువులు డ్రైవరు దగ్గరే ఉండిపోతాయి, ఆఫీసుకు వెంటనే చేరవు. సీటు నంబరు చెప్పండి, 'బస్సులో' అంటే ఎవరూ వెతకరు.

రాతిపిచ్చి (ఆదివారం, మధ్యాహ్నం 12:48)

ఫోన్ ఎందుకండీ. సీసపు రేకు మీద రాసి పడేయమనండి. ఆనవాయితీ ప్రకారం దొంగ ఆడో మగో, బానిసో స్వతంత్రుడో అని ముందే రాయాలి, ఎవరూ తప్పించుకోకుండా.

తెనాలి తమ్ముడు (ఆదివారం, మధ్యాహ్నం 1:25)

ఇది చదివి వినిపించాను. రేకు అక్కర్లేదని అత్తయ్యగారు నిన్న బస్సులోనే నోటితో కానిచ్చేశారు, తీసినవాళ్ళ చేతులు పడిపోవాలని.

తెనాలి తమ్ముడు (ఆదివారం, రాత్రి 8:50)

మఫ్లరు దొరికింది. పులిహోర గిన్నె వేడి తగ్గకుండా ఎవరో దాన్ని చుట్టి సంచి అడుగున పెట్టారు. ఎవరో కాదు, అత్తయ్యగారే. పసుపు మరక పోవడానికి ఏం చేయాలో తెలిసినవాళ్ళు చెప్పండి. ఊలు కనుక వేడినీళ్ళు వద్దంటున్నారు. శాపం వెనక్కి తీసుకోవడానికి మళ్ళీ బాత్ వెళ్ళాలా అని కూడా ఆవిడ అడుగుతున్నారు, కొంచెం ఆశగానే.